మా అత్తగారికి గుండు

మా అత్తగారు బౌద్ధ సన్యాసం పుచ్చుకుంటున్నారని తెనాలికి ఫోన్ చేసి చెబితే, అవతల మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వేమైనా అన్నావటే?" అంది. కోడలు ఏదో ఒకటి అనకుండా అత్త ఇల్లు వదిలి పోదని ఆవిడ నమ్మకం.

నేనేమీ అనలేదు. అసలు మేం ఒక ఇంట్లో ఉంటే కదా. మా ఆయన ఇంగ్లీషువాడు, షెఫీల్డ్‌లో పుట్టి పెరిగాడు. ఇద్దరం లండన్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళి చేసుకున్నాం, ఊరికి ఉత్తరాన వాట్‌ఫర్డ్‌లో కాపురం. ఆవిడ షెఫీల్డ్‌లోనే, ఒక్కరే. భర్తతో విడిపోయి అప్పటికి పదిహేనేళ్ళు. బడి ఆఫీసులో ఉద్యోగం, చిన్న ఇల్లు, పెరట్లో నాలుగు గులాబీ మొక్కలు, ఒక ముసలి పిల్లి. అక్కడ కోడళ్ళు అత్తగారిని పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాలేదు. "అత్తయ్యా" అన్నాను. అర్థం అడిగి తెలుసుకుని అదే ఉంచమన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "నేను, అట్టయ్యని" అనేవారు. ఆవిడకి "త" పలకదు. ఆ "త" సంగతి తర్వాత చెబుతాను.

ఎందుకు వెళ్ళారని అందరూ అడుగుతారు. ఏదో పెద్ద దెబ్బ తగిలి ఉంటుందని వాళ్ళ ఊహ. మనకి శ్మశాన వైరాగ్యం తెలుసు, ప్రసూతి వైరాగ్యం తెలుసు, పురాణ వైరాగ్యమూ తెలుసు. ఆవిడది ఈ మూడూ కాదు. విడాకులయ్యాక నిద్ర పట్టడం లేదని ఒక స్నేహితురాలు ధ్యానానికి తీసుకెళ్ళింది, వారానికో సాయంత్రం, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థన మందిరంలో ఒక గది అద్దెకి తీసుకుని పదిమంది కూర్చునేవారట. నిద్ర పట్టింది. అయినా వెళ్ళడం మానలేదు. పన్నెండేళ్ళు వెళ్ళారు. ఏటా సెలవులకి అందరూ స్పెయిన్ సముద్రతీరాలకి పోతుంటే ఈవిడ పదిరోజుల మౌనానికి పోయేవారు. మేమంతా దాన్ని ఒక అలవాటు కింద జమకట్టాం, కొందరికి తోటపని ఉన్నట్టు.

మా పెళ్ళయిన మూడో క్రిస్మస్‌కి గిన్నెలు కడుగుతూ చెప్పారు. ఆవిడ కడుగుతున్నారు, నేను తుడుస్తున్నాను. "ఉద్యోగం మానేస్తున్నాను. అమరావతిలో కొన్నాళ్ళు ఉండి చూస్తాను."

"అమరావతా? గుంటూరు దగ్గరా?" అన్నాను. ఆ క్షణంలో నాకు ఇంకో అమరావతి తట్టలేదు.

ఉంది. మా ఇంటి నుంచి కారులో అరగంట. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, హెమెల్ హెంప్‌స్టెడ్ దాటాక, గ్రేట్ గాడెస్డెన్ అనే పల్లె పక్కన గుట్ట మీద. రెండో ప్రపంచయుద్ధం నాటి చెక్క పాకలు, తర్వాత చాలాకాలం అందులో బడి నడిచింది. 1984లో థాయ్ బౌద్ధుల అరణ్య సంప్రదాయం వాళ్ళు తీసుకుని ఆశ్రమం చేశారు. ఆజాన్ చా అనే థాయ్ గురువుగారి అమెరికన్ శిష్యుడు ఆజాన్ సుమేధో పెట్టిన పేరు అది. ఆజాన్ అంటే మన ఆచార్య మాటే, థాయ్ నోట్లో పడి అలా తయారైంది. అమరావతి అంటే చావు లేని చోటు. మన కృష్ణ ఒడ్డు మహాచైత్యం పేరే అది. ఆ పేరు గల ఆశ్రమానికి అరగంట దూరంలో కాపురం ఉంటూ మూడేళ్ళు తెలియకుండా బతికాను, తెనాలిదాన్ని.

మా బడి వాళ్ళు ఏడో తరగతిలో అమరావతి తీసుకెళ్ళారు. అమరేశ్వరుడి గుడి చూశాం, పులిహోర పొట్లాలు తిన్నాం. స్తూపం దగ్గర ఒక దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. "ఇంతేనా?" అనుకోవడం గుర్తుంది. మిగతావి ఎక్కడున్నాయో లండన్ వచ్చాక తెలిసింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు ముందు మద్రాసుకీ, అక్కడి నుంచి ఓడలో ఇక్కడికీ వచ్చాయి. అత్తగారిని బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ శిల్పాలకంటే వివరాల చీటీలు ఎక్కువసేపు చదివారు. ఆ స్తూపానికి దానాలిచ్చినవాళ్ళు రాళ్ళ మీద పేర్లు చెక్కించుకున్నారు: వర్తకులు, గృహిణులు, తోలుపని చేసేవాళ్ళు, భిక్షువులు. భిక్షుణులు కూడా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అంటే మీ వైపు ఈ ఆడవాళ్ళు రెండువేల ఏళ్ళ కిందటే ఉన్నారు" అన్నారు. ఉన్నారు, పోయారు. ఆ మాట పైకి అనలేదు.

వెళ్ళగానే చేర్చుకుని గుండు గీసేస్తారనుకున్నాను. అలా ఏం కాదు. మొదట అతిథిగా ఉండాలి. తర్వాత నెలల తరబడి ఉండాలి. వాళ్ళు ఈమెను చూస్తారు, ఈమె వాళ్ళని చూస్తుంది. ఆ తర్వాత అడగాలి, వాళ్ళు పిలవరు. ఒప్పుకుంటే అనాగారిక, అంటే దీక్షలో తొలి మెట్టు. తెల్లబట్టలు, ఎనిమిది శీలాలు, అంటే నియమాలు. కనీసం రెండేళ్ళు అలా గడిచాక, ఇరువైపులా ఇంకా మనసు నిలిస్తే, ముదురు గోధుమరంగు బట్టలు, పది శీలాలు. వాళ్ళని శీలధరలు అంటారు. 1979లో ఇంగ్లాండు దక్షిణాన చిథర్స్ట్ ఆశ్రమంలో నలుగురు ఆడవాళ్ళు తెల్లబట్టలు కట్టారు, 1983లో పది శీలాలు తీసుకుని గోధుమరంగులోకి మారారు. ఈ వరస అక్కడే మొదలు.

భిక్షుణి అనకుండా ఈ కొత్త పేరెందుకంటే, థాయ్, శ్రీలంక వైపు బౌద్ధమైన థేరవాదంలో భిక్షుణుల పరంపర దాదాపు పదకొండో శతాబ్దంలో శ్రీలంకలో తెగిపోయింది. భిక్షుణి కావాలంటే భిక్షుణులు దీక్ష ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళు లేరు కాబట్టి పుచ్చుకునేవాళ్ళూ లేరు. 1996లో సారనాథ్‌లో, 1998లో బుద్ధగయలో, చైనా, కొరియా వైపు బతికున్న పరంపర సాయంతో మళ్ళీ మొదలుపెట్టారు గానీ థాయ్ సంఘం దాన్ని ఒప్పుకోలేదు. నాకు ఇందులో మింగుడుపడనిది ఇంకొకటుంది. దీక్ష తీసుకుని నూరేళ్ళయిన భిక్షుణి అయినా, ఆ రోజే దీక్ష తీసుకున్న కుర్ర భిక్షువుకి లేచి మొక్కాలని పాత నియమం. అత్తగారితో వాదించాను. "మా బడిలో ఇరవై రెండేళ్ళ కుర్రాడు హెడ్‌మాస్టర్ అయితే నేను లేచి నిలబడేదాన్ని కాదా?" అన్నారు. అది జవాబు కాదని ఆవిడకీ తెలుసు. "నాకు నచ్చి కాదు. దానికోసం ఆగితే మిగతాది పోతుంది" అని తర్వాతెప్పుడో అన్నారు.

ఆవిడ అక్కడ ఉండగా నేనూ ఒక వారం ఉన్నాను, ఏముందో చూద్దామని. అతిథులకీ ఎనిమిది శీలాలే. తెల్లవారి ఐదుకి పాళీలో, అంటే ఆ బౌద్ధ గ్రంథాల భాషలో, వల్లింపు, తర్వాత ధ్యానం. ఆ చలిలో ఆ చెక్క పాకల మధ్య టార్చిలైటు పట్టుకుని నడుస్తుంటే సంక్రాంతి నెలలో మా నాయనమ్మ గుడికి లాక్కెళ్ళడం గుర్తొచ్చింది. పొద్దున జావ. తర్వాత పని: కూరగాయలు తరగడం, నేలలు తుడవడం. పదకొండున్నరకి భోజనం, అంతే. మధ్యాహ్నం దాటాక ఏమీ తినకూడదు. సాయంత్రం టీ ఇస్తారు, ఒక్కోసారి పాలు కలవని నల్ల చాక్లెట్ ముక్క ఇస్తారు. అది మందు లెక్కలోకి వస్తుందట. మూడో రోజు సాయంత్రం నేను కారులోకి వెళ్ళి తలుపులు వేసుకుని, అమ్మ పంపిన జంతికలు తిన్నాను. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్క జంతిక విరిగితే కొబ్బరికాయ కొట్టినట్టుంది. ఎవరూ ఏమీ అనలేదు. అత్తగారు మాత్రం మర్నాడు కూర తరుగుతూ, "కారులో ఇంకా ఉన్నాయా?" అన్నారు. తినడానికి కాదు, ఏడిపించడానికి.

మా ఆయన ఆ సంవత్సరమంతా మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, "అమ్మ నన్ను వదిలేసి వెళ్తోంది" అన్నాడొకసారి, పదేళ్ళ పిల్లాడిలా. ఫ్రీడా బేడీ గురించి చదివి చెప్పాను. 1911లో డెర్బీలో పుట్టిన ఇంగ్లీషు అమ్మాయి, పంజాబీ సహాధ్యాయిని పెళ్ళాడి లాహోరు వెళ్ళింది, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళింది, ముగ్గురు పిల్లలు పెద్దవాళ్ళయ్యాక 1966లో కర్మప అనే టిబెటన్ గురువు చేతుల మీదుగా ఆ సంప్రదాయంలో దీక్ష తీసుకుంది. 1972లో హాంకాంగ్‌లో పూర్తి భిక్షుణి అయింది. నటుడు కబీర్ బేడీ ఆవిడ కొడుకే. "డెర్బీ మీ షెఫీల్డ్‌కి ఎంత దూరం?" అన్నాను. "అతన్ని ఎవరైనా అడిగారా ఎలా ఉందో?" అన్నాడు. ఇంక ఆ ఉదాహరణ తేలేదు.

వినయపిటకంలో, అంటే బౌద్ధ సన్యాసుల నియమాల గ్రంథంలో, దీక్షకి ముందు అడిగే ప్రశ్నలుంటాయి. కుష్ఠు ఉందా, మూర్ఛ ఉందా, నువ్వు మనిషివేనా, ఎవరికైనా బానిసవా? రాజు కొలువులో ఉన్నావా? అప్పుందా? తల్లిదండ్రులు ఒప్పుకున్నారా? అనాగారికకి ఇవన్నీ వరసగా అడగరు గానీ, అప్పు, అనుమతి మాత్రం తేల్చుకునే రావాలి. ఈ రెండింటికే ఏడాది పట్టింది.

అప్పంటే ఇంటిమీద లోను. ఇల్లు అమ్మి తీర్చారు. మిగిలినది కొంత కొడుక్కి, కొంత తల్లికి. పిల్లి పక్కింటికి. ఆ ఇల్లు ఖాళీ చేయడానికి నాలుగు శనివారాలు వెళ్ళాం. ముందు పెద్ద వస్తువులు పోయాయి, వాటితో బాధ లేదు. చివరికి మిగిలేవి చంపుతాయి: రబ్బరుబ్యాండ్లు చుట్టిన క్రిస్మస్ కార్డులు, మా ఆయన పాలపళ్ళున్న అగ్గిపెట్టె. "ఇది ఎవరికి ఇవ్వాలి?" అని ఆవిడ ఆ అగ్గిపెట్టె పట్టుకుని వంటింట్లో నిలబడిపోయారు. నేను తీసుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో, పసుపు డబ్బా పక్కన ఉంది. ఎందుకక్కడ పెట్టానో తెలియదు.

అనుమతి అంటే వాళ్ళమ్మగారు. డెబ్బై ఆరేళ్ళ ఆవిడ, ప్రతి ఆదివారం మెథడిస్టు చర్చిలో పాడే మనిషి. ముగ్గురం వెళ్ళి కూర్చున్నాం. అంతా విన్నారు. దేవుణ్ణి ఒప్పుకుంటారా అని అడగలేదు, డబ్బెవరిస్తారని అడగలేదు. "నాకు జబ్బు చేస్తే రానిస్తారా?" అన్నారు. రానిస్తారని చెప్పారు అత్తగారు. "క్రిస్మస్‌కి?" అన్నారు. దానికి అత్తగారు తలొంచుకున్నారు. ముసలావిడ లేచి కెటిల్ పెట్టి, మా వైపు వీపు తిప్పుకునే, "సరే వెళ్ళు. యాభై నిండబోతున్న దానివి, నన్నడగడమేమిటి" అన్నారు. ఆ దేశంలో అనుమతి అలా ఇస్తారు.

ఇంక పాళీ. దీక్షరోజు శీలాలు నోటికి చెప్పాలి. ఇల్లు అమ్మేశాక అత్తగారు మా ఇంట్లో మూడు వారాలున్నారు, అప్పుడు రాత్రిళ్ళు వంటింటి బల్ల దగ్గర నేను పంతులమ్మని. నాకు పాళీ రాదు. కానీ రావాల్సిన పనేముంది? "వికాలభోజనా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అని ఉంటే, వికాలంలో భోజనం మానేస్తానని మన ఇంట్లో పిల్లాడికైనా తెలుస్తుంది. ఇబ్బందల్లా నాలుకది. "గచ్ఛామి" ఆవిడ నోట్లో "గచామి". "అట్ఠ" దగ్గర అయితే ఆగిపోయేవారు. ఇంగ్లీషువాళ్ళకి మన "త" లేదు, "ట" కూడా సగమే, వత్తులంటే గాలి. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టించి, "భ అంటే వేడిగాలి తగలాలి, బ అంటే తగలకూడదు" అని మా ఒకటో తరగతి మాస్టారి పద్ధతి ప్రయోగించాను. "త"కి నాలుక పళ్ళకి ఆనించమన్నాను. పదకొండో రాత్రి కాబోలు, చపాతీ పిండి కలుపుతుంటే వెనకనుంచి "అత్తయ్య" అని వినబడింది. స్పష్టంగా, తెనాలి త. ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం. ఇంకో వారంలో ఆ పిలుపు పోతుందని అప్పుడు తట్టలేదు.

ఏడో శీలం దగ్గర ఒక పొడుగు సమాసం ఉంది, "మాలాగంధవిలేపన" అని మొదలవుతుంది. పూలు, సుగంధాలు, పూతలు వద్దని. దాన్ని ఆవిడ చేత ఇరవైసార్లు అనిపించాను.

దీక్షరోజు పొద్దున ఆడవాళ్ళ కుటీరాల వైపు ఒక చిన్న స్నానాలగదిలో గుండు. మా ఆయన లోపలికి రాలేదు, తోటలో తిరుగుతున్నాడు. పెద్ద సన్యాసిని ఒకావిడ నాకు కత్తెర ఇచ్చి మొదటి పాయ నన్ను కత్తిరించమన్నారు. బూడిదరంగు కలిసిన గోధుమ జుట్టు, మెడదాకా. నాకు చెయ్యి వణుకుతుందని అందరూ అనుకున్నారు. నేను తిరుమల కల్యాణకట్టలో పెరిగిన పిల్లని. మూడేళ్ళప్పుడు ఒకటి, ఎనిమిదో ఏట టైఫాయిడ్ మొక్కు ఇంకొకటి, పెళ్ళికి ముందు మూడు కత్తెర్లు. చకచకా కత్తిరించాను. ఆ పెద్దావిడ రేజరుతో నున్నగా చేశారు. తల కడిగి తుడిచాక, ఇంటి దగ్గర నుంచి తెచ్చిన గంధం డబ్బా తీశాను. గుండుకి గంధం రాయకపోతే ఎలా? మూత తీసి వేలు పెట్టబోతుంటే అత్తగారు అద్దంలోంచి నా వైపు చూసి, ఒత్తులన్నీ సరిగ్గా పలుకుతూ, "మాలాగంధవిలేపన" అన్నారు.

డబ్బా మూసి సంచిలో పెట్టుకున్నాను. ఆ పెద్దావిడకి నవ్వు ఆగలేదు.

బయట మా ఆయన ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు. వాళ్ళలో గుండంటే కాన్సరు. అతని కళ్ళకి అమ్మ జబ్బుమనిషిలా కనబడింది. నాకేమో మొక్కు తీర్చుకుని మెట్లు దిగుతున్న మనిషిలా కనబడింది. ఆ సాయంత్రం ఫొటో తెనాలి పంపాను, తెల్లబట్టలు, గుండు, చేతులు జోడించి. అమ్మ అప్పటికప్పుడు ఫోన్ చేసింది. కోప్పడలేదు, ఏడ్చింది. మా అమ్మమ్మకి ఒక మేనత్త ఉండేదట. పదమూడో ఏట భర్త పోతే గుండు చేయించి తెల్లచీర కట్టించి వంటింట్లో కూర్చోబెట్టారు. నెలనెలా మంగలి పెరటి గుమ్మంలోంచి వచ్చేవాడు. ఆవిడ డెబ్బై ఏళ్ళు బతికింది. అమ్మ చిన్నప్పుడు ఆవిడ పక్కలో పడుకునేది. "అలాగే ఉన్నారే మీ అత్తగారు. అచ్చం అలాగే. కానీ నవ్వుతున్నారు" అంది. ఫొటో ఉంచుకుందో తీసేసిందో నేనడగలేదు.

తెల్లబట్టల రెండేళ్ళూ చాకిరీయే. వండటం, కారు నడపటం, పెద్దవాళ్ళకి భోజనం అందించడం. షెఫీల్డ్‌లో గుమాస్తాగా ఉన్నప్పుడే తీరికెక్కువ అని నవ్వేవారు. ఒకసారి, ఏడాది దాటాక, ఫోన్‌లో చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "వెనక్కి వస్తే మీ ఇంట్లో గదుందా?" అన్నారు. ఉందన్నాను. దుప్పట్లు కూడా మార్చాను. రాలేదు. ఏం జరిగిందో చెప్పలేదు, ఇప్పటికీ.

రెండో దీక్షకి తెలుపు పోయి ముదురు గోధుమరంగు వచ్చింది, భిక్షాపాత్ర వచ్చింది, పాళీ పేరు వచ్చింది. పదో శీలం బంగారం, వెండి ముట్టనని, అంటే డబ్బు ముట్టనని. పేరు విని అమ్మ, "ఇది మన పేరేగా, మా క్లాసులో ఇద్దరుండేవాళ్ళు" అంది. పిలవడం మాత్రం "సిస్టర్" అనాలి. అత్తని సిస్టర్ అనే కోడలిని ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో. మగవాళ్ళని తాకరు, కొడుకైనా సరే. నేను వెళ్తే నన్ను దగ్గరికి తీసుకుంటారు. అతను పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇప్పుడు అలవాటైంది అంటాడు. కారులో రేడియో పెద్దగా పెడతాడు.

నెలకో ఆదివారం పులిహోర పట్టుకెళ్తాను. పదకొండింటికల్లా చేరాలి. ఆదివారం థాయ్ కుటుంబాలు, శ్రీలంక కుటుంబాలు గిన్నెలతో దిగుతాయి, మన శ్రీరామనవమి పందిరిలా ఉంటుంది. సన్యాసినులకి చేతికి అందించినదే ఆహారం, తమంతట తాము తీసుకోకూడదు. పాత్రలు పట్టుకుని వరసలో వస్తారు. ఆవిడ వస్తారు, పులిహోర అందుకుంటారు, వెళ్తారు. బాగుందో లేదో చెప్పరు. పూర్వం "ఇంకొంచెం ఇంగువ" అనేవారు. ఒకనాడు ఉండబట్టలేక, "మీకేం కావాలో చెబితే అది తెస్తాను కదా" అన్నాను.

అప్పుడు చెప్పారు. చుట్టాలు కానివాళ్ళని అది కావాలి, ఇది కావాలి అని అడగకూడదు. వినయపిటకం లెక్కలో చుట్టమంటే తల్లి వైపు, తండ్రి వైపు ఏడు తరాల రక్తసంబంధం. కొడుకు చుట్టం. కోడలు కాదు. "నువ్వు నాకు ఏమీ కావు" అన్నారు, ఎంతో ముద్దుగా. అయితే ఒక దారి ఉంది. ఎవరైనా ముందుగా, నోరు తెరిచి, "మీకు అవసరమైనది నన్నడగండి" అని ఆహ్వానిస్తే అడగవచ్చు. దాన్ని పవారణ అంటారు. అక్కడే, గిన్నె కింద పెట్టి, చేతులు జోడించి ఆ మాట అన్నాను. తలూపారు.

ఆ రోజు అడగలేదు. ఆ నెలా, తర్వాతి నెలా అడగలేదు. వేసవి పోయింది. అక్టోబరులో ఒక సాయంత్రం ఆశ్రమం నంబరు నుంచి ఫోన్. ముందు మా అమ్మ మోకాళ్ళ గురించి, పక్కింటి పిల్లి గురించి అడిగారు. తర్వాత కొంచెం ఆగి, "నువ్వన్న మాట ఇంకా ఉందా?" అన్నారు.

ఉందన్నాను.

"మేజోళ్ళు. ఊలువి. ఆరో నంబరు. గోధుమరంగే ఉండాలి, గీతలుండకూడదు."

మూడు దుకాణాలు తిరిగాను. అన్నిటిమీదా గీతలే, లేకపోతే జింకపిల్లలు.